ఇష్టం కాదది, రేటు

"అందం చూసే కళ్లలో ఉంటుంది. ఎవరి ఇష్టం వాళ్లది." పెళ్లిమాటలు నడిచే ఇళ్లలో, ఆఫీసు క్యాంటీన్లలో, టీవీ చర్చల్లో ఈ రెండు వాక్యాలూ జంటగా తిరుగుతుంటాయి. "పిల్ల రంగు తక్కువని సంబంధం వదులుకున్నారంట" అని ఎవరైనా అంటే చాలు, ఎదుటివాళ్ల నోట్లోంచి ఊడిపడతాయి. అక్కడితో మాట కట్. ఇష్టాన్ని ఎవడు ప్రశ్నిస్తాడు?

ఆ వాదనను ముందు దాని పూర్తి బలంతోనే చెప్పుకుందాం. అందానికి తూనికలు, కొలతలు లేవు. తెల్లటి పిల్ల కావాలనుకోవడం, పొడుగు మొగుడు కావాలనుకోవడం, గడ్డంవాడు వద్దనుకోవడం అన్నీ ఒక కోవలోవే. కలిసి బతకాల్సినవాళ్లు వాళ్లు. వాళ్ల మనసుకు పట్టనిదాన్ని సంస్కరణ పేరుతో నెత్తిన రుద్దితే అదీ దౌర్జన్యమే. పైగా తెలుపు మీద మోజు మనుషులందరిలో పుట్టుకతో ఉన్నదే. కాదూ కూడదంటే ఆ పాపం తెల్లదొరలది. కంపెనీలు, సినిమావాళ్లు జనం అడిగిందే ఇస్తున్నారు. అయినా కాలం మారింది, ఇప్పుడు రంగు ఎవరు చూస్తున్నారు?

ఇందులో ఒక్క ముక్క నిజం. ఫలానావాళ్లని ఇష్టపడి తీరాలని ఎవరినీ శాసించలేం. నేను ఆ పని చెయ్యబోవడం లేదు. మిగతా ముక్కల్లో ఏ ఒక్కటీ పూర్తిగా నిలబడదు. పైగా ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. వ్యక్తిగతమైన ఇష్టం అంటూనే మనుషులందరి స్వభావం అంటారు. పుట్టుకతో వచ్చిందంటూనే దొరలు తెచ్చారంటారు. ఇన్ని కారణాలు ఒకే నోటినుంచి వస్తున్నాయంటే అసలు కారణాన్ని దాచిపెడుతున్నారనే అనుకోవాలి.

1. ఇష్టమే అయితే ఇన్ని కళ్లు ఒకేలా ఎందుకు చూస్తాయి?

ఇష్టం మనిషికీ మనిషికీ మారుతుంది. నెల్లూరు చేపల పులుసే తీసుకోండి. ఒకింట్లో కొరమీను తప్ప ముట్టరు, పక్కింట్లో బొమ్మిడాయిలు కావాలి. ఒకరికి పులుసులో మామిడికాయ పడాల్సిందే, ఇంకొకరు చింతపండు చాలంటారు. రాత్రి వండి పొద్దున తింటేనే రుచి అనేవాళ్లు ఇంకొందరు. ఇష్టం అంటే ఇట్లా నాలుగు దారులు పోతుంది. ఇప్పుడు ఏ పెళ్లిళ్ల బ్యూరోకైనా వెళ్లి అక్కడి కాయితాల కట్ట తిరగెయ్యండి. "నల్లటి అమ్మాయి కావాలి" అని రాసింది ఒక్కటి చూపించండి. ఆఫీసరు కొడుకైనా, ఆటో నడిపే కుర్రాడైనా, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగైనా, ఏ కులమైనా, ఏ మతమైనా, పాట ఒకటే: ఎర్రగా, సన్నగా. ఎవరి కళ్లు వాళ్లవే అయితే ఇన్ని లక్షల కళ్లకు ఒకే బొమ్మ ఎందుకు అందంగా కనపడుతోంది? కళ్లకు ఎవరో పాఠం చెప్పి ఉండాలి.

ఆ పాఠం మొదలయ్యేది కాన్పు వార్డులో. కాదు, ఇంకా ముందే. నెల తప్పిన పిల్లకు పాలల్లో కుంకుమపువ్వు వేసి తాగించడంతోనే మొదలవుతుంది. దానికీ బిడ్డ రంగుకూ సంబంధం లేదని ఏ డాక్టరమ్మైనా చెబుతుంది, అయినా డబ్బీ కొంటారు. బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి బయటికి తెస్తారు. "మగబిడ్డా ఆడబిడ్డా" తర్వాత రెండో ప్రశ్న "రంగెట్లుండాది?" పుట్టుక ఎరుపు నాలుగురోజుల్లో పోతుందని అమ్మమ్మకు తెలుసు. అందుకని ఆమె ముఖం చూడదు. గుడ్డ కాస్త పక్కకు లాగి చెవి పైఅంచు చూస్తుంది, గోళ్ల మొదళ్లు చూస్తుంది. అక్కడ ఏ రంగుంటే బిడ్డ ఆ రంగుకే తేలుతుందని లెక్క. "వాళ్ల నాయన రంగే వచ్చిందమ్మా" అని ఒక నిట్టూర్పు. పుట్టింది ఆడపిల్లయితే ఆ నిట్టూర్పు ఇంకొంచెం పొడుగు. ఆ బిడ్డ ఇంకా కళ్లు సరిగ్గా తెరవలేదు, ఆమె మీద మాత్రం తీర్పు వచ్చేసింది. తర్వాత సున్నిపిండి నలుగు, మీగడ, పసుపు. నాలుగేళ్లొచ్చాక "ఎండలో ఆడబాకమ్మణ్ణీ, నల్లబడతావు." బళ్లో "కర్రి" అని పేరు. బంధువులొచ్చినప్పుడు అక్కాచెల్లెళ్లను పక్కపక్కన నిలబెట్టి పోల్చడం. ఇరవై ఏళ్లు ఇట్లా నడిచాక ఆ ఇంటి కుర్రాడు పెళ్లిచూపుల నుంచి తిరిగొచ్చి "ఎందుకో నచ్చలేదు" అంటాడు. ఆ "ఎందుకో" ఎందుకో అతనికి తెలియకపోవచ్చు. చెప్పినవాళ్లకు మాత్రం తెలుసు.

అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వవేత్తల దంపతులు 1940ల్లో చిన్నపిల్లల ముందు బొమ్మలు పెట్టి చూశారు. రంగు తప్ప అన్నీ ఒకటే. ఏ బొమ్మ మంచిదంటే నల్లపిల్లల్లోనే ఎక్కువమంది తెల్లబొమ్మను చూపించారు. ఆ మాటకు "పిల్లల ఇష్టం వాళ్లది" అని అక్కడి సుప్రీంకోర్టు చేతులు దులుపుకోలేదు. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి ఉండటం చెల్లదని 1954లో ఇచ్చిన బ్రౌన్ తీర్పులో, ఆ పరిశోధననూ ఒక ఆధారంగా చూపించింది. పిల్లల చూపు ఎక్కడ తయారైందో ఆ చోటును మార్చమంది.

2. కట్టుకునేవాడి ఇష్టమంటారు. ఎంచేది ఎవరు?

వరుడి ఇష్టం అనే మాటలో వరుడు చివర వస్తాడు. ఫోటో ముందు మేనత్త చూస్తుంది, పెద్దమ్మ చూస్తుంది, ఆడబిడ్డ తన ఫోన్లో పెద్దది చేసి చూస్తుంది, "ఫోటోలో ఫిల్టరు పెట్టినట్టుండారు" అని తేలుస్తుంది. అబ్బాయి దాకా వచ్చేసరికి మిగిలేది వీళ్లంతా జల్లెడ పట్టిన నాలుగైదు ఫోటోలు. అందులోంచి ఒకటి ఎంచుకోవడాన్ని వ్యక్తిగత అభిరుచి అంటున్నాం.

ఇక మధ్యవర్తి ఆడపిల్ల తల్లితో ఎట్లా మాట్లాడతాడో మన నెల్లూరు జిల్లాలో వినని ఇల్లుండదు. "పిల్ల బంగారమమ్మా. బీటెక్కు, ఒద్దిక. కాకపోతే రంగు రవ్వంత తక్కువ. అవతలోళ్లు ఆ మాటే పట్టుకోనుండారు. ఇంకో పది సవర్లు చూసుకున్నారంటే కుదిరిపోద్ది." దీన్ని ఒక్క క్షణం ఆగి తూకం వెయ్యండి. అబ్బాయికి నల్లటి పిల్ల నిజంగా నచ్చలేదనుకుందాం. పది సవర్లు చేర్చగానే ఎట్లా నచ్చింది? బంగారంతో చూపు మారదు కదా. పది సవర్లతో తీరిపోయినదాన్ని అయిష్టం అనరు, బేరం అంటారు. రంగు ఇక్కడ కట్నం పట్టికలో ఒక పద్దు. ఎత్తు తక్కువైతే ఇంత, చదువు తక్కువైతే ఇంత, రంగు తక్కువైతే ఇంత. 1961లోనే వరకట్నాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. రంగు సాకుతో పెంచి అడిగే సొమ్ము ఆ చట్టం కింద కట్నమే అవుతుంది, "ఇష్టం" అనే ముద్దుపేరు పెట్టినంత మాత్రాన బయటపడదు.

లెక్క తిరగేసి చూస్తే సంగతి ఇంకా తేటగా కనపడుతుంది. వరుడు కాకినలుపైనా పది ఎకరాల రొయ్యల గుంటలుంటే, సర్కారు కొలువుంటే, డాలర్ల జీతముంటే "మగాడికి రంగేంది, రాబడి ఉంటే చాలదా" అంటారు. ఆడపిల్ల అదే రంగులో ఉండి, అంతే జీతం తెస్తున్నా మాట మారుతుంది. మగవాడి రంగును సొమ్ము కప్పుతుంది. ఆడదాని రంగుకు సొమ్ము కట్టాలి. కళ్లకు నచ్చడం, నచ్చకపోవడమే అసలు సంగతైతే రెండువైపులా ఒకే న్యాయం ఉండేది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో, పిల్లకు పెళ్లి కుదరాలని పెళ్లి రొట్టె కోసం కొంగు చాచి నిలబడే తల్లులను చూసినప్పుడు నాకు ఈ సందేహం వస్తుంటుంది: వీళ్లలో ఎందరు పిల్ల జాతకానికి మొక్కుకుంటున్నారు, ఎందరు పిల్ల రంగుకు?

పెళ్లితో అయిపోయేదీ కాదిది. కాపురంలో నల్లదానివని సాధింపు, పుట్టిన బిడ్డ రంగు చూసి ఇంకో దెప్పుడు. కోర్టులు ఈ "ఇష్టాన్ని" దాని అసలు పేరుతోనే పిలవడం మొదలుపెట్టాయి. నల్లగా ఉందని భార్యను ఈసడించిన భర్త విడాకులడిగితే ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2023లో కాదు పొమ్మంది. రంగు మోజుకు కోర్టు వత్తాసు పలకదంది. అదే ఏడాది కర్ణాటక హైకోర్టు ముందుకొచ్చిన కేసులో నల్లవాడివని అవమానించింది భార్య. అక్కడ కోర్టు అది క్రూరత్వం అని భర్తకు విడాకులిచ్చింది. ఆడా మగా తేడా లేకుండా రంగు ఈసడింపును హింసగా లెక్కగట్టారు. అభిరుచిగా కాదు.

3. ప్రకృతి సహజమంటారు. ఏ ప్రకృతి?

మైపాడు, ఇసకపల్లి, కొత్తకోడూరు తీరాలకు మిట్టమధ్యాహ్నం వెళ్లండి. పట్టపోళ్ల ఆడవాళ్లు తలమీద తువ్వాలు వేసుకుని, కాళ్లకింద ఇసక కాలిపోతుంటే చేపలు తిరగేసి ఎండబెడుతుంటారు. బకింగ్‌హాం కాలువ వెంట యానాది ఆడవాళ్లు మొలలోతు బురదనీళ్లలో దిగి చేతుల్తో తడిమి పీతలు, రొయ్యలు పడుతుంటారు. కోవూరు వైపు వస్తే పెన్న నీళ్లు పారే మళ్లల్లో వంచిన నడుము ఎత్తకుండా నాట్లు. పొలం ఎవరిదో, గుంట ఎవరిదో వాళ్ల ఆడవాళ్లు మాత్రం ఇంటి నీడన ఉంటారు. ఎండ అందరికీ ఒకటే, నీడ మాత్రం ఆస్తిని బట్టి దొరుకుతుంది. ఎర్రటి ఒళ్లు చూడగానే మన బుర్ర చదివేది, ఈ ఇంటివాళ్లకు ఎండలో పనిచెయ్యాల్సిన గతి లేదు అని. నల్లటి ఒళ్లు చూసి చదివేది కూలి, ఆ వెంటనే కులం. అద్దెకు ఇల్లడగబోయినప్పుడు "మీరేవుట్లు" అని కులం ఆరాతీసే ప్రశ్న కొందరికి గుమ్మంలోనే ఎదురవుతుంది, కొందరికి అసలు రాదు. ఎందుకో ఆలోచించండి. అందం పేరుతో మనం చూస్తున్నది ఒకరి కష్టాన్ని, ఇంకొకరి కామందుతనాన్ని.

ఇది పుట్టుకతో వచ్చిన మోజే అయితే అన్నిచోట్లా, అన్ని కాలాల్లో ఒకేలా ఉండాలి. ఐరోపా చరిత్ర దీన్ని తలకిందులు చేస్తుంది. అక్కడ జనం పొలాల్లో పనిచేసినన్నాళ్లూ దొరసానులు గొడుగులు పట్టుకుని, ముఖాలకు పొడి మెత్తుకుని పాలిపోయిన తెలుపు కాపాడుకున్నారు. కూలిజనం ఫ్యాక్టరీ కప్పుల కిందికి చేరాక, 1920ల నుంచి లెక్క మారింది. పాలిపోయిన ఒళ్లు కార్మికులదైంది. సముద్రపు ఒడ్డున పడుకుని ఒళ్లు కమిలించుకోగల తీరిక డబ్బున్నవాళ్లదైంది, ఆ కమిలిన రంగే ఫ్యాషనైంది. మనుషులు వాళ్లే, కళ్లు అవే. మారింది ఎండలో ఎవరున్నారనేది ఒక్కటే.

ఇక నిజమైన ప్రకృతి ఏమంటుందో విందాం. చర్మంలో రంగు తయారుచేసే కణాలు నల్లవాళ్లలోనూ తెల్లవాళ్లలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి మెలనిన్ ఎంత చేస్తాయి, ఎట్లా సర్దుతాయన్నదే తేడా. భూమధ్యరేఖకు దగ్గరగా, నిప్పులు చెరిగే ఎండలో బతికే ఒంటికి ఆ మెలనిన్ కవచం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొని 2013లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో ఒకేఒక్క అక్షరం మారితే రంగు తేలికవుతుందని, ఆ మార్పు ఐరోపావాళ్లకూ మనకూ ఒకే పూర్వీకుల నుంచి దిగివచ్చిందని అది చెబుతుంది. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు బిడ్డల్లో ఒకరికి ఆ అక్షరం పడొచ్చు, ఒకరికి పడకపోవచ్చు. ఇంత చిన్న జూదం మీద పది సవర్ల పందెం కాస్తున్నాం.

పశువుల దగ్గర మాత్రం మనకు ఈ తెలివి ఉంది. మన ఒంగోలు గిత్తల సంతతిని బ్రెజిల్‌లో "నెలోర్" అంటారు, మన ఊరి పేరే. అక్కడి మాంసపు పశువుల్లో సింహభాగం ఈ జాతిదే. పైన బొచ్చు పాలతెలుపు, కింద చర్మం నలుపు. తెల్లబొచ్చు వేడిని వెనక్కి కొడుతుంది, నల్లచర్మం ఎండ కాటును ఆపుతుంది. చర్మం పాలిపోయి మచ్చలు పడితే అక్కడ దాన్ని జాతిలోపంగా లెక్కిస్తారు. ఇక్కడి పశువుల సంతలో రైతు కూడా ముట్టె నలుపు, కనురెప్పల నలుపు, తోకకుచ్చు నలుపు చూసే చెయ్యి కలుపుతాడు. నెల్లూరు ఎండకు నలుపెందుకో ఎద్దు విషయంలో తెలిసినవాడికి కూతురి విషయంలో తెలియకుండా పోతుంది.

4. దొరల మీదికి నెట్టేవాళ్లకు

ఈ వాదన కొంచెం చదువుకున్నవాళ్లది. సగం నిజం కాబట్టి ఎక్కువ ప్రమాదం.

దొరలు రంగును, ముక్కును కొలిచి పుస్తకాల్లోకెక్కించిన మాట వాస్తవమే. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మన యానాదులూ అందులో కొలతలతో సహా ఎక్కారు. కానీ దొరలు రాకముందు మన దగ్గర రంగు ఈసడింపు లేదనడం పచ్చి అబద్ధం. పల్లెకు, వాడకు మధ్య గీత గీసింది వాళ్లు కాదు. ఎండలో ఎవరు, నీడలో ఎవరు అన్న పంపకం వాళ్లు రాకముందే జరిగిపోయింది. ఇంకో సంగతి. వాళ్లు 1947లో వెళ్లిపోయారు. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము మార్కెట్లోకొచ్చింది 1975లో. మధ్య ఇరవై ఎనిమిదేళ్లు ఎవరి పెత్తనం?

అట్లాగని మన పాత చూపంతా తెలుపు మోజే అని కూడా ఎవరూ అనుకోనక్కర్లేదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని విరాటపర్వంతో అందుకున్నాడు. అందులో సైరంధ్రి వేషంలో వచ్చిన ద్రౌపదిని పనిలో పెట్టుకోవడానికి సుదేష్ణ జంకుతుంది. ఈమె ఇంట్లో ఉంటే రాజు మనసు ఎక్కడ చెదురుతుందోనని ఆ మహారాణి భయం. ఆ ద్రౌపదికి పుట్టుకతో వచ్చిన పేరు కృష్ణ, నల్లనిది కనుక. మహారాణికి నిద్రపట్టనివ్వని అందం నలుపే. అదే ద్రౌపది ఈరోజు బయోడేటా పట్టుకుని పెన్న ఒడ్డుకొస్తే మధ్యవర్తి ఎన్ని సవర్లు అడుగుతాడో మీరే చెప్పండి. రాముణ్ణి, కృష్ణుణ్ణి నల్లవాళ్లుగా పాడుకున్నవాళ్లమే, అచ్చుయంత్రం వచ్చాక క్యాలెండర్లలో వాళ్లను నీలం చేసేశాం. చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో లితో ప్రెస్సు పెట్టాక లక్ష్మీ సరస్వతులు ఏ రంగులో ఇంటింటికీ చేరారో గోడమీద చూసుకోవచ్చు.

అంత వెనక్కి వెళ్లక్కర్లేదంటారా? యాభై ఏళ్లు చాలు. 1971లో "ప్రేమనగర్" విడుదలైంది. కథానాయిక వాణిశ్రీ, నెల్లూరు అమ్మాయి, చామనఛాయ. ఆ దశాబ్దమంతా తెలుగు సినిమాను ఏలింది. ఆమె కొప్పు చూసి ఊరూరా కొప్పులు లేచాయి, ఆమె జాకెట్టు చూసి దర్జీలు కత్తెర మార్చారు, ఆమె చీర కట్టు చూసి కాలేజీ పిల్లలు కుచ్చిళ్లు సర్దుకున్నారు. మన అమ్మలకు, అత్తలకు అందం అంటే ఆమె. తెలుగు కళ్లకు పుట్టుకతో తెలుపే నచ్చుతుందనేవాళ్లు ఈ పదేళ్లను ఎక్కడ దాస్తారు?

5. "జనం అడిగిందే అమ్ముతున్నాం"

జనం అడగడానికి ముందు ఎవరో అడగడం నేర్పాలి. ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటనల్లో నల్లగా ఉన్న పిల్లకు ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, ఇంట్లో తండ్రికి కొడుకు లేడన్న దిగులు. ట్యూబు వాడగానే విమానంలో కొలువు. ఐద్వా వంటి మహిళాసంఘాలు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేస్తే 2003లో అలాంటి ప్రకటనలు ఆగాయి. నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, పనికిరానివాళ్లుగా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. జనానికి పుట్టుకతోనే ఉన్న ఇష్టమైతే ఒక కంపెనీ దశాబ్దాలపాటు కోట్లు గుమ్మరించి దాన్ని గుర్తుచెయ్యాల్సిన పనేమిటి? ఆకలి వెయ్యమని ఎవరూ ప్రకటన ఇవ్వరు.

సినిమావాళ్ల సాకు ఇంకా బలహీనం. తెలుగు రాని తెల్లటి అమ్మాయిని ముంబయి నుంచో, పంజాబ్ నుంచో తెచ్చి, ఇంకొకరిచేత గొంతు చెప్పించి మన పల్లెటూరి పిల్లగా చూపిస్తారు. ఎప్పుడైనా కథలో పేదింటి పిల్ల నల్లగా ఉండాల్సి వస్తే? 2021 నాటి "పుష్ప"లో శ్రీవల్లి పాత్ర కోసం రష్మిక ముఖానికి ముదురు రంగు పూశారు. ఆ రంగు ఒంటిమీద పుట్టిన పిల్లలు శేషాచలం చుట్టుపక్కల ఎందరు లేరు? మేకప్‌మ్యాన్‌కు మాత్రం ఒక సంగతి నిక్కచ్చిగా తెలుసు, నలుపు పూస్తే ప్రేక్షకుడు బీదతనం చదువుకుంటాడని. "ఎవరి ఇష్టం వాళ్లది" అనే మేధావులకు తెలియంది ఆయనకు తెలుసు.

ఈ బేరంలో నష్టపోయేది ఎవరో కూడా చెప్పాలి. తీరపు పల్లెల్లో ఏ చిన్న అంగడి దగ్గరైనా తోరణంలా వేలాడే షాంపూ పొట్లాల పక్కన క్రీము పొట్లాలుంటాయి. పగలంతా ఎండుచేపల మధ్య నిలబడ్డ పిల్ల రాత్రి ముఖం కడుక్కుని ఆ పొట్లం చింపుతుంది. మర్నాడు మళ్లీ అదే ఎండ. పొట్లంతో పని కాకపోతే మందులషాపు. స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది, అయినా పేరు చెబితే చేతికిస్తున్నారు. మొదటి నెల ముఖం తేటపడుతుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రగా కమిలి, ఎండలోకి పోతే మంట, సన్నగా వెంట్రుకలు. మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది, అందుకని మానలేరు. ఢిల్లీలోని సీఎస్ఈ సంస్థ 2014లో 32 ఫెయిర్‌నెస్ క్రీములు పరీక్షిస్తే వాటిలో 14 క్రీముల్లో పాదరసం తేలింది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీలు పాడై వచ్చినవాళ్లను డాక్టర్లు ఆరాతీస్తే చాలామంది ఇట్లాంటి క్రీములు పూసుకుంటున్నవాళ్లని బయటపడింది. ఒకరి కంటికింపుగా ఉండటం కోసం ఇంకొకరి కిడ్నీ పోతుంటే అది ఎవరి వ్యక్తిగత విషయం?

6. కాలం మారిందా?

2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. బెజవాడ మూలాలున్న తెలుగింటి పిల్ల. ఆ రాత్రి అమెరికాలో కొందరు ఆమెను అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు. మన దగ్గర గర్వపడ్డాం, గర్వపడుతూనే "ఈ రంగుకు ఇక్కడైతే మిస్ ఇండియా మొదటి రౌండు కూడా దాటదు" అని చెప్పుకున్నాం. ఆ మాట విన్నవాళ్లెవరూ అది తప్పుడు అంచనా అనలేదు.

2020లో అమెరికాలో నల్లజాతివాడైన జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో హత్యకు గురయ్యాక ప్రపంచమంతా గొడవ రేగితే, పెళ్లిసంబంధాల వెబ్‌సైటు షాదీ డాట్ కామ్ రంగును బట్టి వడపోసే మీటను తీసేసింది. అదీ అమెరికాలోని ప్రవాస మహిళలు సంతకాలు సేకరించి నిలదీశాక. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. మారలేదని నేననను. మీట పోయింది, ఫోటో ఉంది. పేరు పోయింది, ట్యూబు ఉంది. మగవాళ్లకు 2005 నుంచి వేరే ట్యూబు కూడా ఉంది. సమానత్వం ఇట్లా వస్తుందని మాత్రం ఎవరూ ఊహించి ఉండరు.

మన ఊళ్ల బ్యూరోల్లో ఆ మాత్రం మార్పు కూడా రాలేదు. బయోడేటా కాయితంలో ఎత్తుకు, గోత్రానికి మధ్య "ఛాయ" అని ఒక గడి ఇప్పటికీ ఉంది. ఆడపిల్ల తండ్రి అక్కడ పెన్ను ఆపి ఒక నిమిషం ఆలోచిస్తాడు. "చామనఛాయ" అని రాసి, కొట్టేసి, "గోధుమ రంగు" అని రాస్తాడు. బ్యూరోలవాళ్లు ఆ గడి తీసెయ్యాలి. ఆ ఒక్క గడికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్తగా కాయితాలు అచ్చువేయిస్తే చాలు. మందులషాపుల్లో చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మితే లైసెన్సు మీద చర్య తీసుకోవడానికి చట్టం ఉండనే ఉంది, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కదలాలి. రంగు సాకుతో సవర్లు పెంచి అడిగినవాళ్లు కట్నం అడిగినవాళ్లేనని పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసుకోవాలి.

వీటిలో ఏ ఒక్కటీ ఎవరినీ ఫలానావాళ్లనే ప్రేమించమని బలవంతపెట్టదు. రంగు చూడటం నిజంగా సొంత ఇష్టమే అంటున్నవాళ్లకు ఆ గడి లేకపోతే వచ్చే నష్టమేమీ లేదు. మనిషిని ఎదురుగా చూసుకుని, తమ కళ్లతోనే తేల్చుకోవచ్చు. గడి తీసేస్తామంటే గొడవకొచ్చేవాళ్లెవరో, ఇన్నాళ్లూ రేటు కట్టినవాళ్లెవరో అప్పుడు బయటపడుతుంది.